డిగ్రీ చదువుతూనే ఉద్యోగానికి సిద్ధమవడం ఎలా?

బీఏ, బీకాం, బీఎస్సీ చదివేవాళ్లకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ చాలా కాలేజీల్లో పేరుకే ఉంటుంది. పెద్ద ఇంజినీరింగ్ కాలేజీలకు వచ్చినట్టు కంపెనీలు జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీకి వరసకట్టి రావు. ఏడాదికి ఒకటో రెండో జాబ్‌మేళాలు పెడతారు, వాటిలో సేల్స్, కాల్‌సెంటర్ ఉద్యోగాలే ఎక్కువ. అందుకే ఆరో సెమిస్టర్ పరీక్షలు రాసి, మెమో చేతికొచ్చాక చూద్దాంలే అనుకునేవాళ్లకు ఒక ఏడాది ఊరికే పోతుంది.

పాఠం చెప్పడం, పరీక్ష పెట్టడం, సర్టిఫికెట్ ఇవ్వడం కాలేజీ పని. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలైతే తెలంగాణలో టీఎస్‌కేసీ, ఆంధ్రలో జేకేసీ పేరుతో శిక్షణ కేంద్రాలు కూడా నడుపుతాయి. ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోవడం, దానికి కావలసిన పని నేర్చుకోవడం, కాగితాలు సరిచూసుకోవడం మాత్రం విద్యార్థి చేతిలోనే ఉన్నాయి. ఈ మూడింటిలో మొదటి రెండూ బాగున్నా మూడోది తప్పడం వల్ల ఉద్యోగం పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి దాని గురించి కింద కాస్త ఎక్కువే చెప్పాం.

ఒక్క గురి పెట్టుకోండి. ఐదో సెమిస్టర్ ముగిసేసరికి, ఎదుట కూర్చున్న మనిషి ‘చేసి చూపించు’ అంటే చేసి చూపించగలిగిన పని మీకు ఒకటి ఉండాలి. మార్కులు, రెజ్యూమే, ఇంగ్లిష్ అన్నీ ఆ పని చుట్టూ చేరాల్సినవే.

మొదటి ఏడాది: మార్కులు, బ్యాక్‌లాగ్, పేరు

ఫస్టియర్‌లో కెరీర్ గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. తర్వాత దిద్దుకోలేని పనులు మాత్రం ఇప్పుడే సరిగ్గా చేసుకోవాలి.

మొదటిది శాతం. చాలా ఐటీ కంపెనీల ఫ్రెషర్ డ్రైవ్‌లలో టెన్త్, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం అడుగుతారు. సీఏ ఇంటర్మీడియట్‌కు ఫౌండేషన్ రాయకుండా నేరుగా చేరాలంటే కామర్స్ గ్రాడ్యుయేట్లకు 55 శాతం, మిగతా డిగ్రీలవాళ్లకు 60 శాతం ఉండాలి. బ్యాంకు పరీక్షలకు డిగ్రీ పాసైతే చాలు. రెండు సెమిస్టర్లలో 50 శాతం దగ్గర ఉన్నవాళ్లు మొత్తం మీద 60కి చేరాలంటే మిగతా నాలుగింటిలో సగటున 65 తెచ్చుకోవాలి. ఈ లెక్క రెండో సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రోజే వేసుకోండి. మీ మెమోలో సీజీపీఏ ఉంటే దాన్ని శాతంలోకి మార్చే సూత్రం మీ యూనివర్సిటీది ఏదో కనుక్కోండి, ఎందుకంటే ఈ సూత్రం అన్నిచోట్లా ఒకటి కాదు.

రెండోది బ్యాక్‌లాగ్. ఫస్టియర్‌లో పోయిన సబ్జెక్టును ‘ఫైనలియర్‌లో కలిపి రాసేద్దాం’ అని వదిలేయడం మామూలు. అప్పటికి ఆ పాఠం మర్చిపోయి ఉంటారు, పైగా చివరి సప్లీ ఫలితం ఆలస్యమైతే దరఖాస్తు చేసే అర్హతే పోతుంది. బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్‌లో ఒక తేదీ ఇస్తారు, ఆ తేదీకల్లా డిగ్రీ ఫలితం వెలువడి ఉండాలి. ఒక్క రోజు దాటినా కుదరదు. ఎస్‌బీఐ కొంత నయం, ఫైనల్ సెమిస్టర్‌లో ఉన్నవాళ్లనూ తాత్కాలికంగా దరఖాస్తు చేయనిస్తుంది. కానీ నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీకి పాసైనట్టు చూపించాల్సిందే.

మూడోది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఇనీషియల్‌గా ఉంటే, లేదా పుట్టిన తేదీ తేడాగా ఉంటే, సర్టిఫికెట్ల పరిశీలనలో పట్టుకుంటారు. టెన్త్ మెమోను ప్రమాణంగా పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మూడింటినీ దానికి సరిపడేలా మార్పించుకోండి. ఇది ఫస్టియర్ వేసవి సెలవుల్లో తేలిగ్గా అయ్యే పని. ఇంటర్వ్యూ వారంలో అవదు.

దారి తేల్చుకోవడం

మూడో సెమిస్టర్ చివరికల్లా ఒక ప్రధాన దారి, ఒక రెండో దారి ఎంచుకోవాలి. రెండోది తప్పకుండా త్వరగా జీతం తెచ్చేదై ఉండాలి. గ్రూప్-2 ప్రధాన దారి అనుకుంటే, అకౌంట్స్ పనో, ల్యాబ్ పనో, ట్యూషనో రెండోది. ‘గ్రూప్స్ లేదంటే సివిల్స్’ అంటే అది రెండు దారులు కాదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని పరీక్షల మీదే రెండు కాళ్లూ పెట్టినట్టు.

ఇష్టమేదో ఊహల్లో తేలదు. ఒక నెల పరీక్షించి చూడండి. బ్యాంకు వైపు మనసుంటే క్లర్క్ ప్రిలిమ్స్ పాత పేపర్ ఒకటి తీసుకుని గడియారం పెట్టుకుని రాయండి. ఆ పోస్టుకు ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అని పేరు పెట్టారు. ఇంగ్లిష్ 30, న్యూమరికల్ ఎబిలిటీ 35, రీజనింగ్ 35, మొత్తం 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఒక్కో సెక్షన్‌కు 20 నిమిషాలు విడివిడిగా ఉంటాయి, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. మొదటిసారి మార్కులు తక్కువ రావడం సహజం. నెల రోజులు రోజుకు గంటన్నర సాధన చేసి మళ్లీ రాయండి. పది పన్నెండు మార్కులు పెరిగితే ఆ దారి మీకు నప్పుతుంది. ఏమాత్రం కదలకపోతే, లెక్కల ముందు కూర్చోవడమే భారంగా ఉంటే, దాన్ని నిజాయితీగా ఒప్పుకోవాలి.

గ్రూప్-2కు పరీక్షించే తీరు వేరు. తెలంగాణలో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. చరిత్ర, పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమం చదవాలి. ఆంధ్రలో 150 మార్కుల స్క్రీనింగ్, తర్వాత రెండు మెయిన్స్ పేపర్లు. ఇక్కడ చూసుకోవలసింది వేగం కన్నా ఓపిక. పాలిటీలో ఒక అధ్యాయం తీసుకుని వారం తర్వాత పుస్తకం మూసి రెండు పేజీలు రాయగలరేమో చూడండి.

బీఎస్సీవాళ్లు, బీఏ ఎకనామిక్స్‌వాళ్లు చాలామంది వదిలేసే దారి ఒకటుంది: ఐఐటీల్లో ఎంఎస్సీకి జామ్ పరీక్ష. ఫిబ్రవరిలో జరుగుతుంది. 60 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. దరఖాస్తు మాత్రం అంతకుముందు ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ముగుస్తుంది. ఐదో సెమిస్టర్‌లో ఆ మాట చెప్పేవాళ్లు లేకపోవడం వల్ల మంచి విద్యార్థులు చాలామంది దీన్ని పోగొట్టుకుంటున్నారు. ఇక్కడి యూనివర్సిటీల్లో పీజీ అయితే తెలంగాణలో సీపీగెట్ ఉంది. ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్: 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఐసెట్‌లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకూడదు.

టీచర్ కావాలనుకునేవాళ్లు ఒక విషయం స్పష్టంగా తెలుసుకుని బీఈడీలో చేరాలి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బీఈడీ చేసినవాళ్లు ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టులకు అర్హులు కారు. అంటే ఎస్‌జీటీ పోస్టులకు డీఎడ్ కావాలి, బీఈడీతో స్కూల్ అసిస్టెంట్ పోస్టులకు మాత్రమే పోటీపడాలి. అవి సబ్జెక్టుల వారీగా విడిపోతాయి కాబట్టి గత డీఎస్సీలో మీ జిల్లాలో మీ సబ్జెక్టుకు ఎన్ని పోస్టులు వచ్చాయో చూసుకుని రెండేళ్ల బీఈడీకి దిగండి.

బీకాంవాళ్లు చేసి చూపించాల్సిన పని

బీకాం చదివి ‘ట్యాలీ వచ్చు’ అని రాయనివాళ్లు ఉండరు. ఇంటర్వ్యూలో ఒక కొనుగోలు బిల్లు చేతికిచ్చి ఎంట్రీ వేయమంటే సగంమంది ఆగిపోతారు. దీన్ని దాటడానికి ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, రెండు నెలల సాధన కావాలి.

ట్యాలీ ప్రైమ్‌ను ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఉచితంగా వాడుకోవచ్చు. అందులో వోచర్లకు నెలలో 1, 2, 31 తేదీలే పడతాయి, సాధనకు అది అడ్డేమీ కాదు. తెలిసిన కిరాణా హోల్‌సేల్ దుకాణమో, హార్డ్‌వేర్ షాపో చూసుకుని ఒక నెల బిల్లుల జిరాక్స్ అడగండి. యాభై అరవై బిల్లులు చాలు. కంపెనీ క్రియేట్ చేసి, లెడ్జర్లు పెట్టి, కొనుగోళ్లు, అమ్మకాలు, బ్యాంకు, నగదు అన్నీ ఎక్కించండి.

తప్పులు దొర్లే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. సరుకు తెచ్చిన లారీ కిరాయిని ఇన్‌డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ కింద పెడతారు. అది డైరెక్ట్ ఖర్చు. తప్పుగా పెడితే గ్రాస్ ప్రాఫిట్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. జీఎస్టీ లెడ్జర్లను డ్యూటీస్ అండ్ ట్యాక్సెస్ కింద కాకుండా ఖర్చుల కింద తెరుస్తారు. పార్టీ ఏ రాష్ట్రానిదో చూడరు. హైదరాబాద్ దుకాణం వరంగల్ పార్టీకి 10,000 రూపాయల సరుకు 18 శాతం పన్నుతో అమ్మితే సీజీఎస్టీ 900, ఎస్‌జీఎస్టీ 900. అదే సరుకు బెంగళూరు పార్టీకి వెళ్తే ఐజీఎస్టీ 1,800. పార్టీ లెడ్జర్‌లో రాష్ట్రం తప్పు పడితే రిటర్న్ మొత్తం తప్పుతుంది.

ఎంట్రీలు అయ్యాక బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని రీకన్సిలియేషన్ చేయండి. మనం ఇచ్చిన చెక్కు పార్టీ ఇంకా బ్యాంకులో వేయకపోతే మన పుస్తకంలో బ్యాలెన్స్ తక్కువ, బ్యాంకులో ఎక్కువ ఉంటుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో ఒక్కో చెక్కు నంబరుతో చెప్పగలగాలి. ఆ తర్వాత జీఎస్టీ నెలవారీ చక్రం నోటికి రావాలి: అమ్మకాల వివరాలతో జీఎస్‌టీఆర్-1 మరుసటి నెల 11లోపు, కొనుగోళ్లపై కట్టిన పన్నుకు దక్కే క్రెడిట్ చూపే 2బీ 14న వస్తుంది, పన్ను కట్టే రిటర్న్ 3బీ 20లోపు. సరఫరాదారు తన బిల్లు ఎక్కించకపోతే అది మన 2బీలో కనబడదు, ఆ నెల క్రెడిట్ దక్కదు. అకౌంట్స్ ఆఫీసుల్లో ప్రతి నెలా పన్నెండు నుంచి ఇరవై మధ్య నడిచే ఫోన్లన్నీ దీని గురించే. ఈ ఒక్క విషయం విడమరిచి చెప్పగలిగిన ఫ్రెషర్‌ను ఏ ఆడిటర్ ఆఫీసైనా కూర్చోబెట్టి మాట్లాడుతుంది.

బీఎస్సీ కెమిస్ట్రీవాళ్లకు

జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల, పరవాడ, అచ్యుతాపురం చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అస్యూరెన్స్, ప్రొడక్షన్ విభాగాల్లోకి బీఎస్సీవాళ్లను తీసుకుంటారు. వాక్ఇన్ ఇంటర్వ్యూలు ఎక్కువ. అక్కడ అడిగేవి పరిశోధన ప్రశ్నలు కావు, మీరు సెకండియర్ ల్యాబ్‌లో చేసిన టైట్రేషన్ గురించే అడుగుతారు. రికార్డు పక్కవాళ్లది చూసి రాసినవాళ్లు అక్కడే దొరికిపోతారు.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం లీటరుకు సుమారు 4 గ్రాములతో చేస్తారు. ‘సుమారు’ ఎందుకంటే సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది, తూచిన బరువు నమ్మదగింది కాదు. అందుకే దాన్ని కేహెచ్‌పీతో, అంటే పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో, స్టాండర్డైజ్ చేయాలి. దాని అణుభారం 204.22. ఎండబెట్టిన కేహెచ్‌పీ 0.51 గ్రాములు తూచి నీళ్లలో కరిగించి, ఫినాల్ఫ్తలీన్ రెండు చుక్కలు వేసి టైట్రేట్ చేస్తే బ్యూరెట్ రీడింగ్ 25 మిల్లీలీటర్ల దగ్గర రావాలి. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే అది ఎండ్ పాయింట్. ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయారు. 27 మిల్లీలీటర్లు పడితే మీ ద్రావణం 0.1 కన్నా పలచన అయిందని, కారణం తేమ పట్టిన సోడియం హైడ్రాక్సైడ్ కావచ్చని చెప్పగలగాలి. బ్యూరెట్ కొనలో గాలిబుడగ ఉండిపోయి మధ్యలో బయటపడినా రీడింగ్ పెరుగుతుందని కూడా చెబితే, మీరు నిజంగా ల్యాబ్‌లో నిలబడి చేశారని అవతలివాళ్లకు అర్థమవుతుంది.

రెండో అలవాటు రాత. ఫార్మాలో తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు, దిద్దకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, సంతకం, తేదీ వేయాలి. కొట్టేసిన అంకె చదవడానికి వీలుగా ఉండాలి. మీ కాలేజీ రికార్డును మూడో సెమిస్టర్ నుంచే ఇలా రాయడం మొదలుపెట్టండి. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీ కాలేజీలో లేకపోయినా మొబైల్ ఫేజ్, కాలమ్, రిటెన్షన్ టైమ్ అంటే ఏమిటో, మొబైల్ ఫేజ్‌లో గాలి ఎందుకు తీసేస్తారో చదువుకుని వెళ్లండి. యూనిట్లు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి, నైట్ షిఫ్ట్‌కు ఒప్పుకుంటారా అని అడుగుతారు. ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకుని వెళ్లాలి.

బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏవాళ్లకు ఒక భాషలో చిన్న ప్రాజెక్టు, ఎస్‌క్యూఎల్, రెండూ బాగా రావాలి. హాస్టల్ మెస్ బిల్లుల లెక్క లాంటి చిన్నదే చాలు, ప్రతి లైను ఎందుకు రాశారో చెప్పగలగాలి. కొని తెచ్చిన ప్రాజెక్టు రెండో ప్రశ్నకే కూలుతుంది. విప్రో విల్ప్ లాంటి, ఉద్యోగం చేస్తూ పీజీ చదివించే నియామకాలు వీళ్లకోసమే ఉన్నాయి, ఫైనలియర్ మొదట్లోనే గమనించండి. తెలియని సబ్జెక్టు నేర్చుకోవడానికి ఎన్‌పీటెల్ కోర్సులు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు 1,000 రూపాయలు కట్టాలి. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 తెచ్చుకుంటేనే సర్టిఫికెట్ ఇస్తారు. ఆన్‌లైన్‌లో అమ్మే రెండు గంటల కోర్సు సర్టిఫికెట్లు పది కన్నా ఇలాంటిది ఒక్కటి మేలు.

ఇంటర్న్‌షిప్

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ సిలబస్‌లో 2020-21 నుంచి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, ఆపైన ఒక సెమిస్టర్ మొత్తం పని అన్నది అప్పటి ఏర్పాటు. మంచి ఆలోచన. కానీ డబ్బులిచ్చి సర్టిఫికెట్, రిపోర్టు కొనేవాళ్లు ప్రతి ఊళ్లో తయారయ్యారు. అలా కొన్నవాళ్లు పాసవుతారు, నిజమే. కంపెనీవాళ్లు ‘అక్కడ నీ రోజు ఎలా గడిచేది?’ అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

మీ ఊళ్లోనే వెతుక్కోండి. ఆడిటర్ ఆఫీసు, సహకార సంఘం, నీటి పరీక్ష ల్యాబ్, డయాగ్నస్టిక్ సెంటర్, విత్తన కంపెనీ డిపో, ఏదైనా సరే. ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం తీసుకుని స్వయంగా వెళ్లండి. ‘ఏదైనా ఇంటర్న్‌షిప్ ఉందా సార్’ అంటే లేదనేస్తారు. ‘రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా రెండు నెలలు వస్తాను, బిల్లుల ఎంట్రీ, ఫైలింగ్ చేస్తాను’ అని గంటలతో, పనితో సహా అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. నాలుగైదు చోట్ల కాదంటారు, అంతమాత్రాన ఆగిపోవద్దు. చేరాక రోజూ ఒక నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాయండి: ఏం చేశాను, ఎక్కడ తప్పింది, ఎవరు ఎలా దిద్దారు. చివర్లో లెటర్‌హెడ్ మీద తేదీలు, చేసిన పనుల పేర్లు స్పష్టంగా ఉండేలా ఉత్తరం అడగండి. ‘గుడ్ క్యారెక్టర్’ అని రాసిన సర్టిఫికెట్ ఎందుకూ కొరగాదు.

డిగ్రీ పూర్తయ్యాక అప్రెంటిస్‌షిప్ ఉంది. చట్టం 1961 నాటిదే అయినా, 2014 సవరణ తర్వాత టెక్నికల్ కాని డిగ్రీలవాళ్లకూ దారి తెరుచుకుంది. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. సాధారణంగా ఏడాది శిక్షణ. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్లకు కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలు. బ్యాంకులు కూడా గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను తీసుకుంటున్నాయి. ఆ తర్వాత అక్కడే ఉద్యోగం ఇస్తారన్న హామీ లేదు, ఆ ఆశతో చేరవద్దు. ఏడాది పని అనుభవం కోసం చేరండి.

మాట్లాడటం, రెజ్యూమే

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లిష్ అనగానే గ్రామర్ పుస్తకం తెరుస్తారు. కావలసింది మీరు చేసిన పనిని పది పన్నెండు చిన్న వాక్యాల్లో చెప్పడం. టైట్రేషన్ ఎలా చేశారో, బిల్లు ఎలా ఎక్కించారో ఇంగ్లిష్‌లో చెబుతూ ఫోన్‌లో 90 సెకన్లు రికార్డు చేయండి. విని, ఆగిపోయిన చోట కావలసిన మాట వెతుక్కుని మళ్లీ చేయండి. రోజుకు పది నిమిషాలు చొప్పున మూడు నెలలు చేస్తే తేడా మీకే వినబడుతుంది. ‘మైసెల్ఫ్’ అని మొదలయ్యే, బట్టీపట్టిన పరిచయం వద్దు. మధ్యలో ఒక ప్రశ్న వేస్తే అది మొత్తం చెదిరిపోతుంది. అర్థం కాని ప్రశ్నను మళ్లీ అడగమనడం తప్పు కాదు. అర్థం కాకుండా తలూపడం తప్పు.

రెజ్యూమే ఒక్క పేజీ. పైన పేరు, ఫోన్, ఊరు, పూర్తి పేరుతో ఉన్న ఈమెయిల్. తండ్రి పేరు, మతం, హాబీలు, కింద డిక్లరేషన్, మొదట్లో ఆబ్జెక్టివ్ పేరా, ఇవేవీ అక్కర్లేదు. చేసిన పని అంకెలతో రాయండి: ‘హార్డ్‌వేర్ దుకాణానికి రెండు నెలల పాటు నెలకు 60 బిల్లులు ట్యాలీలో ఎక్కించి, బ్యాంకు రీకన్సిలియేషన్ చేశాను’. రాని పని ఒక్కటి కూడా రాయవద్దు, అడిగేది దాని గురించే. ఫైలు పీడీఎఫ్‌లో, మీ పేరుతో సేవ్ చేయండి.

సర్టిఫికెట్ల ఫైలు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు, బ్యాంకులు, రైల్వేలకు రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ పనికిరాదు. కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్‌తో ఓబీసీ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. అంతకన్నా ముందు మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూడండి, రాష్ట్ర జాబితాలోని కులాలన్నీ అందులో లేవు. లేకపోతే కేంద్ర నియామకాల్లో జనరల్‌గానే దరఖాస్తు చేయాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిది అడిగారో అదే ఉండాలి, పాతది చెల్లదు. మీసేవలో పెట్టినా తహసీల్దార్ ఆఫీసులో విచారణకు రోజులు పడతాయి కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగవద్దు.

రాష్ట్ర ఉద్యోగాల్లో లోకల్ స్థానికత కోసం తెలంగాణలో 1 నుంచి 7 దాకా, ఆంధ్రలో 4 నుంచి 10 దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. చదివిన ప్రైవేటు స్కూలు మూతపడి ఉంటే రికార్డు కోసం ఎంఈఓ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. రెండో ఏడాది సెలవుల్లో ఈ పని పూర్తి చేసుకోండి.

ఆన్‌లైన్ దరఖాస్తులకు స్కాన్‌లు సిద్ధంగా పెట్టుకోండి. ఐబీపీఎస్‌కు ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ, ఎడమ బొటనవేలి ముద్ర, సొంత చేతిరాతతో ఇంగ్లిష్‌లో డిక్లరేషన్. సంతకం క్యాపిటల్ అక్షరాల్లో ఉంటే ఒప్పుకోరు. పరీక్ష హాల్లో పెట్టే సంతకం కూడా అదే కావాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ మెమోలు, టీసీ ఆపడం రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న బాధే. ఏటా తెలంగాణలో ఈపాస్‌లో, ఆంధ్రలో జ్ఞానభూమిలో మీ దరఖాస్తు స్థితి చూసుకుంటూ ఉండండి. ఆధార్ లింకు కాని ఖాతా, వేయని బయోమెట్రిక్ లాంటి చిన్న లోపాల వల్ల ఆగిన డబ్బు ఎక్కువ. ఉద్యోగం వచ్చి సర్టిఫికెట్లు అత్యవసరమైతే నియామక పత్రం జతచేసి ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా అడగండి. ఒరిజినల్స్ కాలేజీలో ఉన్నాయని కస్టోడియన్ సర్టిఫికెట్ ఇవ్వమనండి, చాలాచోట్ల చేరేటప్పటికి అది సరిపోతుంది.

ఆరో సెమిస్టర్, ఆ తర్వాత

జనవరి నుంచి వారానికి ఐదు దరఖాస్తులు, ఒక మాక్ టెస్టు లెక్కన పెట్టుకోండి. ఎక్కడ, ఏ తేదీన, ఏ జవాబు వచ్చింది అన్నది ఒక పట్టికలో రాయండి. ఇరవై పంపినా ఒక్క పిలుపూ లేకపోతే లోపం రెజ్యూమేలో ఉంది. పిలుపులు వచ్చి ఇంటర్వ్యూలో ఆగిపోతుంటే పనిలోనో, మాటలోనో ఉంది. ఈ రెంటినీ కలిపేసి ‘నాకు అదృష్టం లేదు’ అనుకోవద్దు.

కోచింగ్‌కు అశోక్‌నగర్, నంద్యాల, అవనిగడ్డ వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే గడువు రాసుకోవాలి: ఎన్ని నెలలు, ఎన్ని ప్రయత్నాలు, ఇంట్లోంచి ఎంత డబ్బు. ఆ కాగితం అమ్మానాన్నలకు చూపించండి. గడువు దాటితే రెండో దారిలో ఉద్యోగంలో చేరి చదువు కొనసాగించాలి. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న రెజ్యూమేకు ప్రైవేటులో జవాబు చెప్పడం చాలా కష్టం, అందుకే గడువు విషయంలో ఇంత పట్టుబడుతున్నాం.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే కన్సల్టెన్సీని అక్కడే వదిలేయండి. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్ డిపాజిట్, ల్యాప్‌టాప్ సెక్యూరిటీ, పేరేదైనా మోసమే. బ్యాక్‌డోర్ ఆఫర్, దొంగ అనుభవ పత్రం బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే చేరిన ఉద్యోగం పోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలనకు చూపించండి, ఎవరి దగ్గరా ఉంచవద్దు.

ఆఫర్ లెటర్ వచ్చాక సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, చూసి మురిసిపోకుండా చేతికొచ్చేది లెక్కేయండి. ఉదాహరణకు నెల గ్రాస్ 18,000, అందులో బేసిక్ 10,000 అనుకుందాం. మీ పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, అంటే 1,200. గ్రాస్ 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ 0.75 శాతం, 135. వృత్తిపన్ను 150. చేతికి 16,515. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 585 కూడా కలిపి సీటీసీ ఏడాదికి 2,37,420 అని చూపిస్తారు. ఇందులోంచి హైదరాబాద్‌లో హాస్టల్, బస్సు, భోజనం పోగా ఏం మిగులుతుందో చేరకముందే రాసుకోండి. షిఫ్టు వేళలు, రాత్రిపూట వాహనం, బాండ్ ఉందా, ఉంటే ఎన్ని నెలలు, నోటీసు పీరియడ్ ఎంత అన్నవి హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. మొదటి ఉద్యోగంలో పీఎఫ్ కోసం వచ్చిన యూఏఎన్ నంబరే తర్వాతి కంపెనీలోనూ ఇవ్వాలి. మానేసేటప్పుడు రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు తీసుకున్నాకే బయటికి రండి.